నిమ్మకాయ తీసేసిన పేజీ

కరోనా సద్దుమణిగి పెళ్లిళ్లు మళ్లీ మొదలైన ఏడాది, ఎండాకాలంలో, దేశదేశాల వాళ్లు వాడే ఒక సాఫ్ట్‌వేర్‌కు తెలుగు డాక్యుమెంటేషన్ రాసే పని నా మీద పడింది. నన్ను ఎరిగినవాళ్లకు ఇక్కడే నవ్వు రావాలి. ఏడో తరగతి పరీక్షలో 'మా పాఠశాల' అన్న వ్యాసానికి 'ఇప్పుడే గంట కొట్టారు' అని ఒకే ఒక్క వాక్యం రాసి బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోనివాణ్ణి నేను. ఆ వాక్యంలో తప్పేమీ లేదని ఇప్పటికీ నా వాదన. నిజంగానే గంట కొట్టారు.

బడి మానేశాక నా ఉద్యోగమంతా మైకు సెట్టే. శామీర్‌పేటలో దుకాణం, ఊళ్లో నా పేరు మైకు సత్తయ్య. ఈ వృత్తిలో హోదాలు నాలుగు. హెల్పర్ హార్న్‌లు, అంటే గరాటు మూతి స్పీకర్లు, మోస్తాడు. వైర్‌మన్ స్తంభం ఎక్కుతాడు. ఆపరేటర్ కూర్చుని మీటలు తిప్పుతాడు. ఓనర్ భోజనాల దగ్గర కనిపిస్తాడు. నేను ఈ నాలుగు మెట్లూ ఎక్కినవాణ్ణి. హార్న్‌ల కింద నిలబడీ నిలబడీ ఎడమ చెవి పోయాకనే విరమణ గురించి ఆలోచించాను. కుడి చెవి కూడా పోతే ఇంట్లోవాళ్ల మాటలు వినబడవు కదా, ఆ సుఖం కోసం ఇంకొన్నాళ్లు ఆగుదామా అని కూడా అనుకున్నాను.

కరోనా రోజుల్లో సెట్టంతా దుకాణంలో మూలపడి ఉంటే ఎలుకలు మిక్సర్ లోపలి వైర్లు కొరికేశాయి. మిక్సర్ అంటే స్టేజీ మీది మైకులన్నిటి గొంతులనూ కలిపి, ఏది ఎంత వినబడాలో సరిచేసి, యాంప్లిఫైయర్‌కు పంపే పెట్టె. తూంకుంట కొత్త లేఅవుట్లలో ఉండే మా కోడలు స్వప్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి, "మామయ్యా, ఇందులో మిక్సర్ సాఫ్ట్‌వేర్ వేశాను, ఫ్రీ" అంది. నేను నమ్మలేదు. ఫంక్షన్ హాళ్లలో ఫ్రీ అన్న ప్రతిదానికీ వేరే బిల్లు రావడం చూసినవాణ్ణి. ఇది అలాంటిది కాదని, ఓపెన్ సోర్స్ అని ఆమె చెప్పింది. అంటే దాని లోపలి రాతంతా బయటే పెట్టి ఉంటుంది. ఎక్కడి వాళ్లయినా తప్పు దిద్ది పంపవచ్చు. రాత అంటే ప్రోగ్రామే కాదు, దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు కూడా. కొన్ని ఫంక్షన్లు దాంతోనే నడిపి చూశాను, బాగానే పలికింది. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ రాయను. రాస్తే వాళ్లు ఈ వ్యాసానికి కూడా రివ్యూ పెడతారు.

నా దగ్గర చాలా ఏళ్లు ఆపరేటర్‌గా ఉన్న నర్సింలు అప్పటికే ఒక కంపెనీ బస్సుకు డ్రైవరుగా వెళ్లిపోయాడు. అతని భార్య సుజాతది రావల్కోల్. పది దాకా చదువుకుంది. సెట్టు నేను తీసుకుంటా అని ముందుకొచ్చింది. ఆడమనిషి మైకు సెట్టు నడపడమేమిటని కొందరు నోళ్లు నొక్కుకున్నారు. నేను మాత్రం ఆమె నర్సింలును నడుపుతున్న తీరు చూసినవాణ్ణి కనుక సెట్టు గురించి బెంగ పడలేదు.

అసలు బెంగ బుచ్చిరెడ్డి దగ్గర ఉంది. తూంకుంట దాటాక రోడ్డు మీద ఆయన ఫంక్షన్ హాలు. పొలాలు ప్లాట్లయ్యాక కట్టినది. మా సెట్టు బతికేదంతా ఆ హాలు పెళ్లిళ్ల మీదే. చేతులు మారుతున్నాయని తెలిసి ఆయన సుజాతను పిలిపించాడు.

"సూడమ్మా, సత్తయ్య లేకుండ ఒక్క ఫంక్షన్ నడిపి సూపెట్టు. సీజనంత నీకే ఇస్త. నడపలేకపోతివా, సిటీ నుంచి డీజేటోళ్లను పిలుసుకుంట. మల్ల నారాజ్ గావద్దు."

ఆ హాలు పోతే చుట్టుపక్కల హాళ్లూ పోతాయి. అందరూ ఆయన్ని చూసే పిలుస్తారు. సుజాత తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు పక్కన కూసుంటే అన్నీ వస్తున్నయన్నా. నువ్వు లేస్తే ఒక్కటి యాదికుండదు. నాకు సదువుకుంట జేసేటట్టు ఏమన్న ఉన్నదా?"

ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు పేజీ ఒకటి ఎవరో పుణ్యాత్ములు ముందే పెట్టారు. స్వప్న తెరిచి చూపించింది. మొదటి వాక్యం 'ధ్వని నిర్గమ సాధనమును ఎంపిక చేయుము' అని ఉంది. సుజాత దాన్ని రెండుసార్లు పైకి చదివి, "ఇది ఏ పూజల సదివే మంత్రమన్నా?" అంది.

అలా నేను రచయితనయ్యాను.

పద్ధతి ఇది. మనం మార్చిన రాతను పంపడాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు. నా రాత మీ దాంట్లోకి లాక్కోండి బాబూ అని విన్నవించుకోవడమన్న మాట. రివ్యూయర్ అనే ఆయన దాన్ని చదివి, వాక్యం వాక్యానికీ కింద ప్రశ్నలు పెడతాడు. అన్నిటికీ జవాబు చెప్పి, దిద్దమన్నవి దిద్దితే, మెయింటెయినర్ హోదాలో ఉన్నవాళ్లు అసలు దాంట్లో కలుపుతారు. దాన్ని మెర్జ్ అంటారు. మైకు సెట్టులోలాగే అక్కడా హోదాలున్నాయి. భోజనాలు మాత్రం లేవు.

నేను నోటితో చెప్పేవాణ్ణి, స్వప్న కొట్టేది. నా వాక్యాలు ఇలా ఉండేవి: 'మైకుల వైర్లన్నీ చిన్న డబ్బాకు గుచ్చండి. డబ్బా వైరు ల్యాప్‌టాప్‌కు గుచ్చండి. ఇయర్‌ఫోను పెట్టుకునే రంధ్రం నుంచి యాంప్లిఫైయర్‌కు వైరు ఇవ్వండి. ఆ రంధ్రం ఏదో తెలియకపోతే మీ ఇంట్లో పిల్లల్ని అడగండి.' డబ్బా అంటే సౌండ్ కార్డు. మైకు గొంతును కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే చిన్న పెట్టె.

మా రివ్యూయర్ ఏ దేశమో తెలీదు. పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి ఉన్నాయి. ఫోటో ఉండాల్సిన చోట పిల్లి బొమ్మ ఉంది. కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు పిల్లిసారు. తెలుగు రాదు. మెషిన్‌తో ఇంగ్లీషులోకి తిప్పించుకుని చదివేవాడు. అయినా ఏ ఒక్క వాక్యాన్నీ వదిలేవాడు కాదు. పిల్లల్ని అడగమన్న వాక్యం కింద, 'పిల్లలు లేని వినియోగదారులు ఏమి చేయాలి?' అని అడిగాడు. స్వప్న నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు మాత్రం ఆ మనిషి మీద గౌరవం కలిగింది. నా మాటల్ని ఇంత శ్రద్ధగా అంతకు ముందు ఎవరూ విన్నది లేదు.

పేచీ మూడో అంశం దగ్గర వచ్చింది. మైకు సెట్టువాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. ఏ ఊళ్లో, ఏ ఫంక్షన్‌కు పెట్టినా, కరెంటు ఇచ్చాక యాంప్లిఫైయర్ ముందు నిమ్మకాయ కోసి కుంకుమ పెట్టి, అగరుబత్తి వెలిగించి, దండం పెట్టుకున్నాకే మీట ముట్టుకుంటాం. గండిమైసమ్మ జాతర దగ్గర నుంచి రాజకీయ సభ దాకా ఇందులో మార్పు లేదు. ఏ మతం వాళ్ల ఫంక్షన్ అయినా సెట్టు మాది కనుక నిమ్మకాయ మాదే. నేను ఉన్నదున్నట్టు రాశాను. రెండు: డబ్బాకు కరెంటు ఇవ్వండి. మూడు: నిమ్మకాయ కోసి అగరుబత్తి వెలిగించండి. నాలుగు: సాఫ్ట్‌వేర్ తెరవండి.

పిల్లిసారు నాలుగు ప్రశ్నలు పెట్టాడు. నిమ్మకాయ తప్పనిసరి పరికరమా? లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదా? ఏ రకం నిమ్మకాయ? దొరకని దేశాల్లో ప్రత్యామ్నాయం ఏమిటి?

నేను స్వప్నతో, "కొబ్బరికాయ అని రాయి" అన్నాను.

ఆమె నిజంగానే రాసింది. దానికి ఆయన, 'రెండిటిలో దేనిని ప్రాజెక్టు అధికారికంగా సిఫారసు చేయాలో మెయింటెయినర్లతో చర్చించాలి' అని జవాబిచ్చాడు. ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడో, నిజంగానే అంటున్నాడో ఇప్పటికీ తేలలేదు. ఊరంతటినీ ఆటపట్టించిన నాకు ఎదురుపడిన మొదటి పోటీదారు ఒక పిల్లి బొమ్మ.

చివరికి నియమం పంపాడు. సాఫ్ట్‌వేర్ పనితీరు మీద ప్రభావం చూపే చర్యలనే పేజీలో రాయాలి.

"ఆయన చెప్పేది న్యాయమే మామయ్యా" అంది స్వప్న. "నిమ్మకాయ కోస్తే సాఫ్ట్‌వేర్‌లో ఏం మారుతుంది?"

ఏమీ మారదు. అది నాకూ తెలుసు. మూడో అంశం కొట్టేశాం. నాలుగు మూడయింది. పేజీ పక్కన పచ్చటి టిక్కు పడింది, మెర్జ్ అయింది. సాఫ్ట్‌వేర్‌కు తోడ్పడినవాళ్ల జాబితాలో శామీర్‌పేట సత్తయ్య అని చేరింది. నేను ఆ జాబితాను ఫోనులో పెట్టుకుని హోటల్లో చాయ్ తాగేవాళ్లందరికీ చూపించాను. అందులో నా పేరు వెతకడానికి చాలాసేపు జరపాలి కాబట్టి చాయ్ వాళ్లే ఇప్పించేవాళ్లు.

సుజాత ఆ పేజీని మేడ్చల్‌లో జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని, రావల్కోల్‌లో తల్లిగారింట్లో సెట్టు పెట్టుకుని సాధన చేసింది. పెట్టిన ప్రతిసారీ పలికింది. నర్సింలు కూడా కూర్చుని విని, నాకంటే మంచిగ పెడుతున్నవని ఒప్పుకున్నాడట. ఆ ఇంట్లో అది మెర్జ్ కంటే పెద్ద విషయం.

బుచ్చిరెడ్డి ఒక నిశ్చితార్థం రోజును పరీక్షకు పెట్టాడు. షరతు ప్రకారం నేను హాలు దగ్గర ఉండకూడదు. నేను పోకూడదనే అనుకున్నాను. కానీ అటువైపు పని ఉన్నట్టు కాళ్లు వాటంతటవే ఆటో ఎక్కాయి. వంటవాళ్ల గుమ్మం నుంచి దూరి, మెట్ల కింద ఉన్న ఆపరేటర్ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేశాను.

సుజాత ఉలిక్కిపడింది. "నువ్వెందుకచ్చినవన్నా? బుచ్చిరెడ్డి పటేల్ సూసిండంటే నా గతేంది?"

"సూడడు. ఊకె మూలకు కూసుంట. నేను లేననుకో."

"నువ్వున్నంక లేవనుకునుడు ఎట్లనో గది కూడ పేజీల రాస్తె బాగుండు" అంటూ తన పనిలో పడింది. మైకుల వైర్లు డబ్బాకు గుచ్చింది. డబ్బాను ల్యాప్‌టాప్‌కు గుచ్చింది. కరెంటు ఇచ్చింది. కాగితం మీద వేలు పెట్టి చదివి, సాఫ్ట్‌వేర్ తెరిచింది. తెర మీద గీతలు లేచి పడుతున్నాయి. అంటే గొంతు అందుతున్నట్టు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంకాసేపట్లో బుచ్చిరెడ్డి స్టేజీ ఎక్కి మైకు అందుకుంటాడు, విని సరే అంటాడు, నేను వచ్చిన దారినే పోతాను.

చేతులు ఖాళీగా ఉంటే నా నోరు ఊరుకోదు. ఆమెకు వృత్తి రహస్యం ఒకటి చెప్పవలసిన సమయం వచ్చిందనిపించింది.

"ఒక ముచ్చట జెప్త, యాదిపెట్టుకో. గీ పటేల్ మైకు పట్టిండంటే పిల్ల అత్తగారింటికి పోయేదాక ఇడువడు. జనాలు పరేషానైతరు. నువ్వేం జెయ్యాలంటే, హాల్ల స్పీకర్లకు ఆయన గొంతు మెల్లగ తగ్గియ్యి. ఆయన కాళ్లకాడ చిన్న స్పీకర్ ఉంటది సూడు, మానిటర్, గదాన్ల మాత్రం ఫుల్లు పెంచు. ఎకో కూడ కలుపు. ఆయనకు ఆయన మస్తు వినబడుతడు. జనాలకు వినబడడు. ఆయన ఖుష్, జనం ఖుష్. నేను ఏండ్ల సంది గదే జేస్తున్న."

సుజాత నవ్వి, చెవి రిక్కించింది. "అన్నా, బయట ఎవరో మాట్లాడుతున్నరు."

"మాట్లాడనియ్యి."

"గా గొంతు అచ్చం నీ లెక్కనే ఉన్నది."

"నా అసొంటి గొంతు గీ మండలంల ఇంకెవనికుంటది?" అన్నాను. ఒక్క క్షణం తరవాత, తలుపు అవతల నుంచి, హాలంత పెద్ద గొంతు అదే ప్రశ్న వేయడం నా కుడి చెవికి కూడా వినబడింది.

గదికి చిన్న అద్దం కిటికీ ఉంది. సుజాత అందులోంచి చూసింది. నేను ఆమె భుజం మీద నుంచి చూశాను. పూలు కడుతున్నవాళ్లు నిచ్చెన మీదే ఆగిపోయారు. కూరగాయలు కోస్తున్న ఆడవాళ్లు కత్తులు పట్టుకుని మా గదివైపు తిరిగి ఉన్నారు. స్టేజీ మధ్యలో బుచ్చిరెడ్డి మైకు నోటి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని వేలితో తడుతున్నాడు. అది పలకడం లేదు. పలుకుతున్నది నేను.

తలుపు తెరిచినవాడు ఆయనే. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"సత్తయ్యా, నువ్వు లోపలున్నవా?"

"లేను పటేలా. పోతున్న."

"ఎన్నేండ్ల సంది?"

"ఏంది పటేలా?"

"నా మైకు బంద్ వెట్టుడు ఎన్నేండ్ల సంది?"

"బంద్ గాదు. తగ్గించుడు."

"మా మనుమరాలి బారసాలప్పుడు?"

"గప్పుడు గూడ."

"ఎమ్మెల్యే అచ్చినప్పుడో?"

"గప్పుడు ఇద్దర్ని తగ్గించిన పటేలా."

ఈ సంభాషణ కూడా హాలంతా వినబడుతూనే ఉంది. సుజాత గబుక్కున ల్యాప్‌టాప్ మూసేసింది. కూరగాయల దగ్గర ఎవరో పెద్దగా నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు.

బుచ్చిరెడ్డి ఆమె వైపు తిరిగాడు. "నువ్వేం జేస్తవమ్మా? నువ్వు గూడ గిట్లనేనా?"

ఆమె మాట తడబడలేదు. "నేను మీ మాట హాలంత వినబడేటట్టే పెడ్త పటేలా. ఇన్నోళ్లు ఏమంటరో గది మాత్రం నా చేతుల లేదు."

ఆయన వాచీ చూసుకున్నాడు. "పెండ్లోళ్లు వచ్చేలోపల మల్ల మొదటికెల్లి పెట్టు. అప్పటికి గీ మైకు పలకకపోతే సిటీకి ఫోన్ జేస్త. సత్తయ్యా, నువ్వు గేటు బయటికి నడువ్."

గేటు దగ్గర వాచ్‌మన్ నాకు తన కుర్చీ ఇచ్చాడు. "నీ ఉపన్యాసం గీడిదాక సాఫ్‌గ వినబడ్డదన్నా. సౌండ్ మంచిగ పెట్టిండ్రు" అని మెచ్చుకున్నాడు.

కుర్చీలో కూర్చుని తప్పు ఎవరిదా అని ఆలోచించాను. మొదట వైర్లను అనుమానించాను. తరవాత ల్యాప్‌టాప్‌ను. తరవాత పిల్లిసారును. అంతవరకే నా పరిశోధన నడిచింది. లోపల సుజాత ఏం చేసిందో ఆ సాయంత్రం తనే చెప్పింది. ఆమె ఎవరినీ అనుమానించలేదట. ఇంట్లో ఇదే పేజీ, ఇదే డబ్బా, అన్నిసార్లూ పలికింది. మరి ఇంట్లో చేసి ఇక్కడ చేయనిది ఏమిటి అని తనను తాను అడుక్కుందట.

ఇంట్లో సెట్టు దేవుడి గూటి పక్కన పెట్టుకుంది. కరెంటు ఇచ్చి, అలవాటు కొద్దీ లేచి, దీపం పెట్టి, అగరుబత్తి తిప్పి వచ్చి మౌసు పట్టుకునేది. పేజీలో లేకపోయినా చేయి ఊరుకోదు కదా. ఇక్కడ గదికి కొత్తగా రంగులు వేయించాం, పొగ పెట్టొద్దని బుచ్చిరెడ్డి ముందే హెచ్చరించాడు. అందువల్ల కరెంటు ఇచ్చిన మరుక్షణం సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఇప్పుడు అంతా తీసేసి మళ్లీ గుచ్చి, ఏదీ ముట్టుకోకుండా డబ్బానే చూస్తూ కూర్చుంది. డబ్బా మీది దీపం ఎర్రగా మిణుకుమంటూ ఉంది. కాసేపటికి పచ్చగా మారి నిలిచింది. అప్పుడు సాఫ్ట్‌వేర్ తెరిచింది.

సంగతి ఇంతే. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకునే క్షణంలో ఏ మైకు మేలుకుని ఉంటే దాన్ని పట్టుకుంటుంది. డబ్బా మేలుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. అది నిద్రలో ఉంటే, ల్యాప్‌టాప్‌లోనే పుట్టుకతో ఒక చిన్న మైకు ఉంటుంది, దాన్ని పట్టుకుంటుంది. స్టేజీ మీది మైకు చచ్చిపోతుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న వాగుడుకాయ గొంతు యాంప్లిఫైయర్‌కు పోతుంది. నిమ్మకాయ కోసి, అగరుబత్తి వెలిగించి, దండం పెట్టుకునేసరికి డబ్బా తీరిగ్గా మేలుకునేది. అందుకే నాకు ఒక్కసారీ ఈ గతి పట్టలేదు. అందుకే ఆ సంగతి నాకు తెలీదు కూడా. మైసమ్మ కాపాడుతోందనే అనుకునేవాణ్ణి. కాపాడిన మాట నిజమే, పద్ధతే వేరు.

గేటు బయట నాకు మొదట వినబడింది, "హలో, చెక్, చెక్" అన్న సుజాత గొంతు. గది లోపలి నుంచి కాదు, స్టేజీ మీది నుంచి. స్పష్టంగా, ఎక్కడా కీచుమనకుండా. పెళ్లివారి బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది. కుర్చీ వాచ్‌మన్‌కు ఇచ్చేసి లేచి నిలబడ్డాను. కూర్చుని వినే గొంతు కాదనిపించింది.

ఫంక్షన్ సాంతం ఆమే నడిపింది. మధ్యలో బుచ్చిరెడ్డి అలవాటు ప్రకారం మైకు అందుకున్నాడు. సుజాత ఇచ్చిన మాట ప్రకారం ఆయన గొంతును హాలంతా నింపింది. గేటు దాకా వచ్చింది. వచ్చినవారికి దండాలు చెప్పాడు, పిల్లా పిలగాడు సల్లగుండాలె అన్నాడు, భోజనాలకు లేవండ్రి అన్నాడు. మైకు ఇచ్చేశాడు. అంతే. నేను నమ్మలేక వాచ్‌మన్ వైపు చూశాను. ఇన్నేళ్లుగా మీటలు తిప్పి నేను సాధించలేనిది ఆమె మీట పూర్తిగా పెంచి సాధించింది. తన మాట నిజంగా జనానికి వినబడుతోందని తెలిసిన మనిషి తక్కువ మాట్లాడతాడు.

సీజన్ ఆమెకే ఇచ్చాడు. ఒక షరతు కలిపాడు. సత్తయ్య భోజనానికి రావచ్చు, ఆ గదిలోకి మాత్రం రాకూడదు.

ఆ వారంలోనే రెండో పుల్ రిక్వెస్ట్ పంపాం. ఈసారి సుజాత చెప్పింది, స్వప్న కొట్టింది, నేను జోకులు సరఫరా చేశాను. 'డబ్బాకు కరెంటు ఇచ్చాక ఏమీ ముట్టుకోకుండా ఆగండి. దీపం ఎరుపు నుంచి పచ్చకు మారి నిలిచాకే సాఫ్ట్‌వేర్ తెరవండి. ముందే తెరిస్తే ల్యాప్‌టాప్ దగ్గర మీరు మాట్లాడేది సభకు వినబడుతుంది.' దాని కింద నేను ఒక వాక్యం చేర్చాను: 'ఓనర్ గురించి మాట్లాడవద్దు.'

పిల్లిసారు ఎప్పటిలాగే ప్రశ్న పెట్టాడు. ఈ లోపం ఎలా బయటపడింది? స్వప్న జరిగిందంతా ఇంగ్లీషులో రాసి పంపింది, ఎమ్మెల్యేతో సహా. జవాబు వచ్చింది. తన బల్ల మీది డబ్బాను కొన్ననాటి నుంచి తాను ఎప్పుడూ ఊడదీయలేదని, ఈ ప్రాజెక్టులో రాసేవాళ్లలో చాలామంది అంతేనని, అందుకే ఇంగ్లీషు పేజీలో కూడా ఈ సంగతి లేదని రాశాడు. ప్రతి ఫంక్షన్‌కూ విప్పి, మోసి, మళ్లీ గుచ్చేవాళ్లు ఉంటారని వాళ్లకు తోచలేదు. ఇంగ్లీషు పేజీలో ఆ హెచ్చరికను తనే చేర్చాడు. ఓనర్ వాక్యం గురించి మాత్రం, 'ఇది తెలుగు పేజీలో ఉండనివ్వండి, అక్కడ అవసరం ఉన్నట్టు కనిపిస్తోంది' అన్నాడు. ఇప్పటికీ ఉంది. ఆ మార్పు కింద మొదటి పేరు సుజాతది, తరవాత నాది. పేర్ల వరుస గురించి ఆమె నన్ను అడగలేదు. నేనూ వాదించలేదు. స్వప్న అప్పటికే పంపేసింది.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. పని గురించి రాసేటప్పుడు చేతులు ఏం చేస్తాయో రాస్తే సగమే రాసినట్టు. చేతులు ఆగే చోటు కూడా పనిలో భాగమే. మనం ఆగేది అలవాటుగానో, ఆనవాయితీగానో ఆగుతాం కనుక దాన్ని పని అనుకోం. రాయకుండా వదిలితే చదివేవాళ్లు దాన్ని దాటి పోతారు. ఇక రాసింది సరిగ్గా ఉందో లేదో రాసినవాడు పక్కన కూర్చుని చూస్తే తేలదు. వాడు గేటు బయట ఉన్నప్పుడే తేలుతుంది.

సీజన్ మధ్యలో ఒకరోజు మేడ్చల్ బస్‌స్టాండ్ దగ్గర సుజాత కనబడింది. కొత్తగా కొన్న ట్రాలీ ఆటోలో హార్న్‌లు వేసుకుని ఎక్కడికో పోతోంది. సెట్టు ఎలా నడుస్తోందని అడగకముందే నాకు ఉక్రోషం వచ్చింది.

"ఏమ్మా, ఇన్ని దినాలైతాంది, ఒక్క ఫోన్ లేదు. మర్చిపోయినవా ఏంది?"

ఆమె డ్రైవర్‌ను ఆగమని చెయ్యి చూపి, తల బయటికి పెట్టింది.

"నువ్వు రాసింది మంచిగ సమజైతాందన్నా, ఇగ ఫోనెందుకు? ఫోన్ రావాల్నని ఉంటే ఈసారి జర గలీజ్‌గ రాయి."